గొయ్యి తెరిచినవాడే మూత వేయాలి

వాన వెలిసిన ఒక ఉదయం, పెద్ద భవనానికి పునాదులు పడుతున్న చోట నిలబడి చూడండి. నేలంతా బురద. అక్కడక్కడ గుండ్రటి నీటి గుంటలు. వాటిలో ఒకటి అరడుగు లోతు కూడా ఉండకపోవచ్చు. దాని పక్కనే అచ్చం అలాగే కనిపించేది నాలుగు మీటర్ల లోతున్న పైలు గొయ్యి కావచ్చు. పైలులో కాంక్రీటును నేల మట్టం దాకా పోయరు. తరువాత దానిమీద కట్టబోయే పునాది దిమ్మ అడుగు ఎక్కడ వస్తుందో, దానికి కాస్త పైవరకు పోసి ఆపేస్తారు. పైన మిగిలిన ఖాళీలో బురద, వాన నీరు చేరి మామూలు గుంటలాగే కనిపిస్తుంది. రాత్రి షిఫ్టుకు కొత్తగా వచ్చిన కూలీకి ఏది గుంటో, ఏది గొయ్యో ఎవరు చెబుతారు?

లోతైన పునాది పనుల్లో ప్రమాదాల అంచనా గురించి మేము చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది. ఇప్పుడు పెద్ద సైట్లలో ప్రమాద అంచనా పత్రం లేకుండా పని మొదలు పెట్టరు. మంచిదే. కానీ ఆ పత్రం భవనం గురించి ఆలోచించినంతగా, గొయ్యి అంచున నిలబడే మనిషి గురించి ఆలోచించదు. ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పనిది, ప్రమాదం కనబడితే పని ఆపమనే హక్కు అతనికి ఇవ్వనిది ప్రమాద అంచనా కాదని మా అభిప్రాయం. అది ఫైలులో ఉండే కాగితం, అంతే.

ఇది మన ఇంటి సంగతే

ఇంజనీర్ల విషయం మన పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. తెలుగువాళ్లను రాష్ట్రాల హద్దులు దాటించిన పనుల్లో మట్టి పని, రాతి పని ముఖ్యమైనవి. కర్ణాటకలో భోవి అని, తమిళనాడులో ఒట్టర్, బోయర్ అని, మహారాష్ట్రలో వడార్ అని పిలుచుకునే కుటుంబాల్లో ఎన్నో ఇళ్లలో నేటికీ తెలుగు మాటే. ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు వచ్చింది తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లే. కోలారు బంగారు గనులు 2001లో మూతపడేదాకా, మూడు కిలోమీటర్ల లోతుకు దిగి బతికినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టిలో పాలమూరు కూలీల చెమట ఉంది.

మన తాతలు దిగిన గోతుల్లోకి ఇప్పుడు వేరేవాళ్లు దిగుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి చెన్నైకి, బెంగళూరుకు రైలెక్కి వచ్చేవాళ్లు. వాళ్ల పక్కన ఒడిశా, బీహారు, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. మనలో చాలామందికి ఇప్పుడు సొంత ఇల్లుంది, పిల్లల చదువుంది. వాళ్లకు రేకుల షెడ్డూ, మేస్త్రీ ఫోను నంబరూ ఉన్నాయి. తల్లి గర్భంలో నేర్చిన భాష మాత్రం వాళ్లలో చాలామందికీ మనకూ ఒక్కటే.

పైలు పనిలో ఏం జరుగుతుంది?

పై నేల మెత్తగా ఉండి బరువు మోయలేనప్పుడు, దాన్ని దాటి గట్టి పొరదాకా గుండ్రటి గొయ్యి తొలిచి, ఇనుప కడ్డీల కేజ్ దించి, కాంక్రీటు నింపుతారు. అదే పైలు. యానాం లాంటి గోదావరి డెల్టా నేలల్లో మెత్తటి బంకమట్టి మీటర్ల కొద్దీ దిగి ఉంటుంది. చెన్నైలో కొన్నిచోట్ల బంకమట్టి, కొన్నిచోట్ల ఇసుక. బెంగళూరులో పైన ఎర్రమట్టి, కింద చివికిన రాయి, ఆ కింద నల్లరాయి. ఇరవై, ముప్పై మీటర్ల లోతు పైళ్లు ఇప్పుడు వింత కాదు.

ఈ పనిలో ప్రతి మెట్టుకూ ఒక ప్రమాదం ఉంది. తొలిచే రిగ్గు బరువు యాభై, అరవై టన్నులు కూడా ఉంటుంది. నిన్న పూడ్చిన మెత్తటి మట్టిమీద అది నిలబడితే ఒక పక్కకు ఒరిగిపోతుంది. తొలిచిన గొయ్యి గోడలు కూలకుండా బెంటొనైట్ నీళ్లు నింపుతారు. ఆ నీళ్ల మట్టం ఎప్పుడూ భూమిలోని నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి. ఒక రాత్రి ఎవరూ చూడక అది దిగిపోతే గోడ జారుతుంది, గొయ్యి నోటి దగ్గర నేల కుంగుతుంది. అక్కడ నిలబడినవాడు నేలతోపాటే వెళ్తాడు.

తరువాత కేజ్. పన్నెండు మీటర్ల పొడవున్న కడ్డీల కట్టను క్రేను ఎత్తుతుంది. గాలికి అది ఊగుతుంది. పైన కరెంటు తీగలుంటే అదొక మృత్యువు. కింద ఒక కేజ్‌కు ఇంకో కేజ్‌ను కలిపి వెల్డింగు చేసేవాడి చేతులు రెండింటి మధ్య ఉంటాయి. పైన క్రేను నడిపేవాడికి ఆ చేతులు కనబడవు. సైగ చేసేవాడి మాటే వాడికి కన్ను. ఆ ఇద్దరి భాషలు వేరైతే?

కాంక్రీటు పోయడం మొదలైతే మధ్యలో ఆపకూడదు. ఆపితే పైలు చెడుతుంది. అందుకని లారీ ఆలస్యమైతే పగలు మొదలైన పని అర్ధరాత్రి దాకా సాగుతుంది. పొద్దున ఆరింటికి వచ్చినవాడే రాత్రి పన్నెండింటికి గొట్టం పట్టుకుని ఉంటాడు. అలసట ఏ గడిలోనూ రాయని ప్రమాదం. ఆ తరువాత పైలు బలాన్ని పరీక్షిస్తారు. అది మోయాల్సిన బరువుకు ఒకటిన్నర రెట్లు దానిమీద పెట్టి చూస్తారు. 200 టన్నులు మోయాల్సిన పైలుకు 300 టన్నులన్నమాట. అంత బరువును ఇసుక మూటలతోనో, కాంక్రీటు దిమ్మలతోనో ఒక వేదికమీద పేర్చినప్పుడు, ఆ వేదిక కింద కొలతలు చూసే మనిషి ప్రాణం ఆ పేర్పుమీదే ఆధారపడి ఉంటుంది.

అన్నిటికంటే భయంకరమైనది మనిషిని గొయ్యిలోకి దించడం. రాయి తగిలిందనో, పనిముట్టు పడిపోయిందనో, యంత్రం రాని ఇరుకు సందనో తాడు కట్టి మనిషిని దించే అలవాటు ఇంకా పోలేదు. లోతు గొయ్యిలో ఊపిరికి చాలినంత గాలి ఉండకపోవచ్చు. పక్కనే నీళ్లు తోడే డీజిల్ ఇంజను పొగ బరువుగా లోపలికి దిగుతుంది. దీపం దించి చూశాం, ఆరలేదు కదా అంటారు. ఇంజను పొగలోని విషవాయువుకు దీపం ఆరదు, మనిషి ఆరిపోతాడు. మొదటివాడు పడిపోతే వాడిని కాపాడాలని రెండోవాడు దిగుతాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు. మన ఊళ్లలో పాత బావుల దగ్గర ఈ విషాదం ఎన్నిసార్లు చూడలేదు?

నేలకు జ్ఞాపకం ఉంటుంది

ప్రమాద అంచనా రిగ్గు రాకముందే మొదలు కావాలి. నేల పరీక్ష కోసం నాలుగు బోర్లు వేసి నివేదిక ఇస్తారు. ఆ నాలుగు బోర్ల మధ్య ఏముందో అవి చెప్పవు. పాత బావి, పూడ్చిన కుంట, ఎవరూ గుర్తుంచుకోని మురుగు కాలువ, కరెంటు కేబుల్, గ్యాస్ గొట్టం, అన్నీ అక్కడ ఉండవచ్చు.

మనం బతుకుతున్న నగరాలు చెరువులమీద లేచినవే. బెంగళూరు కెంపేగౌడ బస్‌స్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు చోటు. చెన్నైలో టి.నగర్ చాలా భాగం పూర్వం మాంబళం పెద్ద చెరువు, వళ్లువర్ కోట్టం నుంగంబాక్కం చెరువు. ముంబయి కొంత సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. పత్రాల్లో చెరువు చెరిగిపోవచ్చు, నేలలో చెరగదు. వాన పడగానే నీరు తన పాత ఇంటిని వెతుక్కుంటూ వస్తుంది.

ఆ సంగతి ఎవరికి తెలుసు? ఆ వీధిలో యాభై ఏళ్లుగా ఉన్న ముసలమ్మకు తెలుసు. ఇక్కడ మా చిన్నప్పుడు గేదెలను కడిగేవాళ్లం అని ఆమె అంటుంది. ఆమెను ఏ ఇంజనీరూ అడగడు. నేల పరీక్ష నివేదికతోపాటు ఆ వీధి పెద్దల మాట కూడా ప్రమాద అంచనాలో ఒక పేజీ కావాలని మేము నమ్ముతున్నాం. దానికి పెద్ద ఖర్చు కాదు, ఒక పూట తిరగాలి.

కాగితంమీద ప్రమాదం ఎలా తగ్గుతుంది?

ప్రమాద అంచనాలో సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. ప్రమాదం జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. జరిగితే నష్టానికి ఒకటి నుంచి ఐదు. రెండూ హెచ్చిస్తే 25కు ఎంతో వస్తుంది. ఎక్కువ వస్తే ఎర్ర గడి, తక్కువైతే పచ్చ గడి. పద్ధతి మంచిదే. తప్పు దాన్ని వాడే తీరులో ఉంది.

మనిషి తెరిచిన గొయ్యిలో పడే ప్రమాదానికి మొదట 20 వేస్తారు. పక్క గడిలో హెల్మెట్, అవగాహన, హెచ్చరిక బోర్డు అని రాస్తారు. వెంటనే 20 కాస్తా 6 అవుతుంది. గడి పచ్చబడుతుంది, గొయ్యి మాత్రం తెరిచే ఉంటుంది. భద్రత చదువుకున్న ఎవరినడిగినా వరుస చెబుతారు. మొదట ప్రమాదాన్నే తీసేయాలి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న పద్ధతికి మారాలి. తరువాత అడ్డుగోడ, మూత లాంటివి పెట్టాలి. ఆ తరువాత నియమాలు, శిక్షణ. హెల్మెట్ అన్నిటికంటే చివర. మన సైట్లలో ఈ వరుస తలకిందులైంది. ఆఖరిది మొదట వచ్చింది, ఎందుకంటే అది అన్నిటికంటే చవక.

ఇంకొక సంగతి ఏ పట్టికలోనూ కనబడదు. పైలు పని చాలాచోట్ల కింది కాంట్రాక్టరుకు మీటరు లెక్కన ఇస్తారు. ఎన్ని మీటర్లు తొలిస్తే అంత డబ్బు. గొయ్యి చుట్టూ కంచె కట్టిన గంటకు, ఇనుప మూత వేసిన అరగంటకు, బురద కడిగిన సమయానికి పైసా రాదు. భద్రత పాటించినవాడు నష్టపోయేలా లెక్క కట్టి, భద్రత ఎందుకు పాటించలేదని కూలీని తిట్టడం న్యాయమా? మూత వేయడానికి, కంచెకు, దీపాలకు ఒప్పందంలోనే విడిగా డబ్బు రాయాలి. అక్కడ రాయనిది సైటులో జరగదు.

చివరిది భాష. అంచనా ఇంగ్లీషులో. సంతకం చేసేది కూలీ. కొందరిది వేలిముద్ర. పైలింగు, లోతైన పునాదుల పనిలో భద్రత గురించి 1969లోనే ఐఎస్ 5121 అనే జాతీయ నియమావళి వచ్చింది. తవ్వకాల భద్రతకు ఐఎస్ 3764 ఉంది. గట్టి రాయి కాని నేలలో 1.5 మీటర్లు దాటిన కందకానికి పక్కలు జారకుండా ఆనికైనా, వాలైనా ఉండాలని అది చెబుతుంది. అర్ధ శతాబ్దానికి పైగా నియమాలు ఉన్నాయి. అవి గొయ్యి దగ్గరివాడి చెవిదాకా చేరలేదు.

మూడు ఊళ్లు, మూడు పాఠాలు

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలింది. 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు, ఒడిశావాళ్లు ఎందరో ఉన్నారు. మన భాషలో ఏడ్చిన తల్లులు. అది పైలు తొలిచేటప్పుడు జరిగిన ప్రమాదం కాదు. అయినా దాన్ని ఇక్కడ చెబుతున్నాం, ఎందుకంటే భవనం లెక్కలో తప్పుంటే ఆ తప్పుకు మొదటి మూల్యం చెల్లించేది అందులో కాపురం ఉండబోయేవాళ్లు కాదు, దాన్ని కడుతున్నవాళ్లు.

2019 జూన్ 29 తెల్లవారుజామున పుణే కోంఢ్వాలో ఒక నివాస సముదాయం ప్రహరీ గోడ, పక్కన కొత్త కట్టుబడి స్థలంలో ఉన్న కూలీల రేకుల గుడిసెలమీద పడింది. నిద్రలోనే 15 మంది పోయారు. పిల్లలూ ఉన్నారు. ఎక్కువమంది బీహారు కుటుంబాలవాళ్లు. తవ్వకం అంచున, పాత గోడ కింద కాపురం పెట్టించడమే అక్కడి ప్రమాదం. కూలీ ఎక్కడ పని చేస్తాడో మాత్రమే కాదు, ఎక్కడ పడుకుంటాడో కూడా ప్రమాద అంచనాలో ఉండాలి.

2023 డిసెంబరు 4న మిగ్‌జాం తుపాను వానల్లో చెన్నై వేళచ్చేరిలో కట్టుబడి కోసం తవ్విన సుమారు 50 అడుగుల గొయ్యిలోకి పక్క నేల జారిపోయింది. ఇద్దరు చనిపోయారు. వాళ్ల శవాలను బయటికి తీయడానికి రోజులు పట్టింది. తుపాను హెచ్చరిక ముందే ఉంది. వాన కబురు వచ్చిన రోజు లోతు గొయ్యి చుట్టుపక్కల ఎవరుంటారు, ఎవరు ఖాళీ చేయిస్తారు అన్నది ఎండ కాసే రోజే తేల్చి పెట్టుకోవాలి.

కూలీలే జాగ్రత్తగా ఉండరట!

మేము ఈ మాటలు అన్నప్పుడల్లా వచ్చే జవాబు ఒకటుంది. హెల్మెట్ ఇస్తే పెట్టుకోరు, బెల్టు ఇస్తే కట్టుకోరు, చెబితే వినరు అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అలవాటు, ఉక్కపోత, తొందర అన్నీ ఉన్నాయి. చిన్న కాంట్రాక్టర్ల కష్టమూ మాకు తెలుసు. బిల్లులు నెలల తరబడి ఆగితే వాళ్లు దేన్ని తగ్గిస్తారో ఊహించడం కష్టం కాదు.

అయితే నిర్గమకాండము 21వ అధ్యాయం 33, 34 వచనాలు తీసి చూడండి. గొయ్యి తవ్వి, మూత వేయకుండా వదిలితే, అందులో ఎద్దో గాడిదో పడితే, నష్టం ఎవరు కట్టుకోవాలి? గొయ్యి యజమాని. ఎద్దు చూసుకుని నడవాల్సింది కదా అని ఆ ధర్మశాస్త్రం వాదించలేదు. పశువు విషయంలోనే బాధ్యతను గొయ్యి తెరిచినవాడిమీద పెట్టిన దేవుడు, మనిషి విషయంలో అంతకంటే తక్కువ అడుగుతాడా? సిలోయము గోపురం పడి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావాళ్లకంటే పాపులా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పాడు. చనిపోయినవాడిమీదే తప్పు తోసే అలవాటు కొత్తదేమీ కాదు.

మన గుడి కట్టేటప్పుడు?

ఇక మనవైపు వేలు తిప్పుకుందాం. మన సంఘాలు కూడా కట్టుబడులు చేస్తున్నాయి. నగరాల్లో స్థలం ఇరుకు, కాబట్టి అంతస్తులు లేస్తున్నాయి, పైళ్లు పడుతున్నాయి. శంకుస్థాపన నాడు లూకా 6వ అధ్యాయంలోని లోతుగా తవ్వి బండమీద పునాది వేసినవాడి గురించి ప్రసంగిస్తాం. ఆ లోతుగా తవ్వే చేతులు ఎవరివి, ఆ చేతులు సాయంత్రానికి ఇంటికి చేరాయా అని కమిటీలో ఎన్నిసార్లు అడిగాం? మీటరు రేటు తగ్గించమని మాత్రం గట్టిగానే అడిగాం. ఈ తప్పులో మేమూ ఉన్నాం.

అందుకే ఒక మాట ప్రతిపాదిస్తున్నాం. మన సంఘం, మన పాఠశాల, మన వసతి గృహం ఏది కట్టినా పని మొదలయ్యేముందు కమిటీ ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు మినిట్స్‌లో రాయించాలి. ప్రతి పైలు గొయ్యికీ ఇనుప మూత, చుట్టూ గట్టి కంచె, రాత్రి దీపం ఉన్నాయా, వాటి డబ్బు ఒప్పందంలో విడిగా ఉందా? మనిషిని ఏ కారణంతోనైనా గొయ్యిలోకి దించకూడదని రాశారా? రిగ్గు, క్రేను నిలిచే నేలను ఎవరు చూశారు? కూలీలు ఎక్కడ పడుకుంటారు? భారీ వాన కురిస్తే పని ఎవరు ఆపుతారు? ప్రమాద అంచనాను కూలీల భాషలో ఎవరు చదివి వినిపించారు? ఏ కూలీ అయినా ఆపండి అంటే, ఆ రోజు కూలి కోత లేకుండా పని ఆగుతుందా?

ఈ ఆఖరి ప్రశ్నే అసలైనది. గోడ జారుతున్న చప్పుడు మొదట వినేది గొయ్యి అంచున ఉన్నవాడు. తాడులో తెగిన పోగు మొదట చూసేది వాడే. ప్రమాదం గురించి ముందుగా తెలిసేది ఎవరికో, ఆపే అధికారం వాడికి లేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ ఆలస్యంగా వచ్చిన అంబులెన్సుల్లాంటివే.

యువతకు

మీలో డిప్లొమా, ఇంజనీరింగు చదివి సైట్లలో పనిచేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు ఇంటి భాష తెలుగు, వీధి భాష కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, సైటు భాష హిందీ, కాగితం భాష ఇంగ్లీషు. నాలుగు భాషలు నడిచే చోట ఈ వరం మీకు ఊరికే రాలేదు. రేపు ఉదయం పని మొదలయ్యేముందు పది నిమిషాలు ఆ పట్టికను వాళ్ల మాటల్లో చెప్పండి. చెప్పి ఊరుకోకండి, నిన్న మీకు భయం వేసింది ఎక్కడ అని అడగండి. వాళ్లు చెప్పింది పట్టికలో రాయండి. పై సంవత్సరం వేరే సైటు పత్రాన్ని పేరు మార్చి వాడమంటే, ఒప్పుకోకండి.

సైటులో పని లేనివాళ్లకూ పనుంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద కట్టుబడి ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఉంచుతూ వచ్చారు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ముందటి ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. 2025 నవంబరులో ఆ చట్టాల చోట కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. చట్టం పేరు మారినా, పేరు నమోదు కాని కూలీకి ఏ చట్టమూ దొరకదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దగ్గరలోని లేబర్ క్యాంపుకు వెళ్లి, ఫారాలు నింపి పెట్టండి. అన్నా, మీదే ఊరు అని తెలుగులో ఒక్కమాట అడిగితే చాలు, మిగతా మాటలు వాళ్లే చెబుతారు.

భవనం పూర్తయ్యాక పైళ్లు ఎవరికీ కనబడవు. వాటిని తొలిచినవాళ్లూ కనబడరు, అప్పటికి ఇంకో ఊళ్లో ఇంకో గొయ్యి దగ్గర ఉంటారు. మన కళ్లముందు ఉన్న ఆ కొద్ది నెలల్లోనే వాళ్ల విషయంలో మన బాధ్యత. మీ వీధిలో ఈ వారం రిగ్గు దిగితే, ముందు ఒక్కటి చూడండి: గోతికి మూత ఉందా? లేకపోతే అడగండి. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే మూత తప్పకుండా వస్తుంది.